మూడు వందల ఎడమ చెంపలు

ఫొటో బాగా రాలేదని గొడవపడే జనాన్ని నేను ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు కూడా "నా ముఖమే ఇంతలెండి" అనలేదు. కెమెరా పాతదంటారు, లైటు ఎక్కువైందంటారు, కూర్చోబెట్టిన స్టూలు వంకరంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అందుకే మా స్టూడియోకి ఆమె కావలసివచ్చింది. ఎవరి ముఖం వాళ్ళకి నచ్చేలా చేసి పంపడం ఆమె పని. దాన్ని మేం టచింగ్ అంటాం. మొటిమలు తీసెయ్యాలి, కళ్ళ కింద నలుపు తగ్గించాలి, ఊడిన పన్ను పెట్టాలి, చెదిరిన జుట్టు సర్దాలి. ఊళ్ళో ఎవరికీ ఆమె అసలు పేరుతో పనిపడలేదు. టచింగమ్మ అంటే చాలు. నన్ను ఫ్రేములాయన అంటారు. అద్దాలు కోసి, చెక్క బద్దలు అతికి, ఫొటోలకి చట్రాలు కట్టేవాణ్ణి. స్టూడియో పెట్టిన పెద్దాయన పోయాక కెమెరా కూడా నా నెత్తినే పడింది.

ఆమె ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. చిన్నదేమీ కాదు. కంటి కిందినుంచి దవడ దాకా, మసి అంటిన అరచెయ్యి ఆనించి తీసినట్టు ఉంటుంది. ఓదార్చేవాళ్ళకి ఈ లోకంలో కరువు లేదు కదా. "చందమామకీ మచ్చ ఉందమ్మా" అని కౌంటరు దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆమె పని మీంచి తలెత్తకుండానే జవాబు చెప్పేది.

"చందమామని ఎవరూ ఉద్యోగానికి పిలిచి వెనక్కి పంపలేదండి."

అది నోటికొచ్చి అన్న మాట కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి ఫొటో కావాలని వాళ్ళక్కని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. పెద్దాయనది జాలిగుండె. అడక్కుండానే మచ్చ తుడిచేసి ఫొటో చేతిలో పెట్టాడు. ఫొటో చూసి హోటల్ వాళ్ళు పిలిచారు. మనిషిని చూసి రెండు నిమిషాల్లో పంపేశారు. "ఫొటోలో ఉన్నమ్మాయి రాలేదా?" అని అడిగాడట అక్కడి మేనేజరు. మర్నాడు పొద్దున్నే ఆమె విసవిసా మా మెట్లెక్కి వస్తుంటే, ఇవాళ పెద్దాయనకి మూడిందనుకున్నాను. ఆమె తిట్టలేదు. ఫొటో బల్ల మీద పెట్టి, "దీన్ని ఎలా తుడిచారో నాకు నేర్పండి" అంది.

నేర్చుకుంది. అప్పటికింకా కంప్యూటర్లు రాలేదు. నాలుగు వెంట్రుకలుండే సన్నటి కుంచె, పింగాణీ సాసర్లో నల్ల ఇంకు, ఓపిక, అంతే సరంజామా. నెగటివ్ మీద నల్లచుక్క పెడితే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. "గీత గీస్తే దొరికిపోతావు, చుక్కలు పెట్టు" అనేవాడు పెద్దాయన. ఏడాది తిరిగేసరికి గురువుని మించిపోయింది. కంప్యూటరు వచ్చాక దాన్ని కూడా అలాగే లొంగదీసుకుంది.

కానీ పెద్దాయన చేసిన పని మాత్రం ఆమె ఎవరికీ చెయ్యలేదు. ప్రతి ఆర్డరు కవరు మీద రెండు మాటలు రాసేది. ఒక పక్క "ఉంచాలి", ఇంకో పక్క "తీయాలి". వచ్చినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి అడిగేది. ఈ ముడతలు ఉంచాలా, ఈ గాటు ఉంచాలా అని. కొంతమంది సిగ్గుపడేవాళ్ళు, కొంతమంది విసుక్కునేవాళ్ళు. ఒక లారీ డ్రైవరు మాత్రం కనుబొమ మీది కోతని తీయడానికి వీల్లేదన్నాడు. అది లేకపోతే ఇంటిదగ్గర ఆవిడ తలుపు తియ్యదట. "అడక్కుండా ఎవరి ముఖం మీదా చెయ్యి వెయ్యకూడదు అన్నయ్యా" అనేది నాతో. మా షాపులో అదొక చట్టం.

కవితలు ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలీదు. టెస్టు ప్రింట్లు పాడైపోతే వాటి వెనకవైపు రాసుకునేది. ఎవరిదో సగం ముఖం ఇటుపక్క, ఈమె కవిత అటుపక్క. నేను వాటిని చిత్తు కాగితాలనుకుని ఫ్రేముల వెనక అట్టలుగా పెట్టి కొట్టేశాను కొన్నాళ్ళు. కాబట్టి ఈ ఊళ్ళో కొన్ని పెళ్ళి ఫొటోల వెనక ఆమె మొదటి కవితలు ఇప్పటికీ గోడకి వేలాడుతూ ఉంటాయి. ఆ సంగతి బయటపడిన రోజు ఆమె నాతో మాట్లాడలేదు. మర్నాడు ఒకటి చదివి వినిపించింది.

*బస్సులో ఎడమవైపు కిటికీ నాది.*
*ఊరంతా చూసినా ఫర్వాలేదు,*
*ఊరు వెనక్కి వెళ్ళిపోతుంది.*
*పక్కసీటు మనిషి వెళ్ళడు.*

నాకు కవిత్వం తెలీదు. కానీ ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ పక్కసీటు మనిషిని చూడ్డానికి నాకు మొహమాటమేసింది. నేను ఎవరికి పక్కసీటు మనిషినో అని.

గ్రంథాలయం మేడ మీద ఆదివారాలు కవితలు చదువుకునేవాళ్ళు. రిటైరైన మాస్టారు ఒకాయన ఆ సభలని నడిపేవాడు. ఆమె అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది, తోడుకి నన్ను లాక్కెళ్ళేది. చదివేటప్పుడు పులిలా ఉండేది. మెట్లు దిగేటప్పటికి పిల్లి. "అన్నయ్యా, చప్పట్లు కవితకి కొట్టారా, చెంపకి కొట్టారా?" అని అడిగేది. "నా గురించి నేను ఇంత చెప్పుకుంటున్నాను, గొప్పలు పోతున్నట్టుందా? జాలి అడుక్కుంటున్నట్టుందా?" రెండూ లేవని చెప్తే నమ్మేది కాదు. ఉన్నాయంటే ఇంతెత్తున లేచేది. ఇంక నేనేం చెప్పను?

ఆ కవితలన్నీ కలిపి పుస్తకం వేద్దామన్నాడు మాస్టారు. మూడు వందల కాపీలు. పేరు "తుడవను". అందులో మొదటి కవిత అదే.

*చిన్నప్పుడు పక్కింటావిడ*
*తడి కొంగుతో నా చెంప రుద్దింది,*
*మసి అనుకుని.*
*రుద్దీ రుద్దీ ఆవిడ అలిసిపోయింది.*
*నేనింకా అలిసిపోలేదు.*
*ఎవరు కొంగు అందించినా*
*తుడవను.*

ముందుమాటలో మాస్టారు "తన ముఖాన్ని ఏనాడూ దాచుకోని కవయిత్రి" అని రాశాడు. ఆమె ఆ వాక్యాన్ని నాకు మూడుసార్లు చదివి వినిపించింది. మూడోసారి గొంతు కొంచెం తగ్గింది. నేను పట్టించుకోలేదు.

వెనక అట్ట మీద వేయడానికి ఫొటో కావాలని ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. ఆమె ప్రూఫులు దిద్దుకుంటూ, "కంప్యూటర్లో నావి ఉన్నాయి కదా అన్నయ్యా, ఏదో ఒకటి చూసి పంపించు" అంది. చూశాను. అన్నిట్లోకీ బాగున్నది పంపించాను. గుర్తింపు కార్డు కోసం తీసిన ఫొటో, చిరునవ్వు కూడా ఉంది. మంచి పని చేశాననుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకాల కట్టలు వచ్చాయి. ఆవిష్కరణ ఆదివారం. ఆమె ఒక కట్ట తాడు కోసి, పైపుస్తకం తీసి, ముందు వాసన చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. తిప్పిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

వెనక అట్ట మీద ఆమె నవ్వుతూ ఉంది. రెండు చెంపలూ ఒకేలా, కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. ఫొటో పైన పెద్ద అక్షరాల్లో పుస్తకం పేరు. తుడవను.

"ఎవరు పంపించారు ఇది?" అంది. ఎవరో ఆమెకి తెలుసు.

"నువ్వే కదా పంపించమన్నావు" అన్నాను.

"కళ్ళున్నాయా నీకు? ఇరవై ఆరేళ్ళుగా ఎదురు బల్ల మీద కూర్చున్నావు. నా ముఖం ఎలా ఉంటుందో తెలీదా?"

నాకూ కోపమొచ్చింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం మామూలు కోపం కంటే గట్టిగా ఉంటుంది. "కంప్యూటర్లో ఉన్నదే పంపించాను. మచ్చ ఉన్నది ఒక్కటి చూపించు, ఇప్పుడే ప్రెస్సుకి పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను.

ఇద్దరం వెతికాం. ఆమె పేరుతో ఉన్నవి నలభై దాకా ఉన్నాయి. గుర్తింపు కార్డులవి, స్టూడియో బయట తీసినవి, పెద్దాయనతో తీసినవి. ఒక్కదాంట్లో కూడా మచ్చ లేదు. టచింగ్ అయ్యాక అసలు ఫొటో మీదే సేవ్ చెయ్యడం మాకు మొదటినుంచీ అలవాటు, చోటు కలిసొస్తుందని. తన ఫొటో ఏది తీసినా ఆ సాయంత్రానికల్లా తనే తుడిచేసుకునేది. వాటికి కవరు ఉండేది కాదు, ఉంచాలి తీయాలి అన్న ప్రశ్నా ఉండేది కాదు. నేను వాటిని చూసీ చూసీ, ఫొటోలో ఆమె అంటే అలాగే ఉంటుందని అలవాటుపడిపోయాను. మచ్చ ఎదురుగా ఉన్నా నాకు కనబడదు, ఫొటోలో లేకపోయినా ఆ లోటు కనబడదు.

ఇక ఇంటి ఫొటోలంటారా, అక్కడ టచింగ్ అక్కర్లేకపోయింది. ఎప్పుడు ఫొటో తీయించుకున్నా వాళ్ళక్క వచ్చి ఆమె ఎడమ భుజం దగ్గర నిలబడి, చెంపకి చెంప ఆనించేది. చూసినవాళ్ళు అక్కచెల్లెళ్ళంటే ఇలా ఉండాలి అనేవాళ్ళు. ఫొటో స్టూడియోలో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషికి తన ముఖమున్న ఫొటో ఒక్కటి లేదు.

మాస్టారు వచ్చి చూశాడు. ముందు కంగారుపడ్డాడు, తర్వాత సర్దుకున్నాడు. "ఫొటో బాగానే ఉందమ్మా. అసలు చూసేది కవిత్వం కదా. దాని మీద కొత్త ఫొటో అతికిస్తే అసహ్యంగా ఉంటుంది. పోనీలే" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఆయన ఉద్దేశం.

సాయంత్రం వాళ్ళక్క వచ్చింది. పుస్తకం తిప్పి చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. "ఇన్నాళ్ళకి ఒక మంచి ఫొటో వేశారే" అంది.

"అక్కా, అది నేనేనా?"

"నువ్వే. కాస్త బాగున్న నువ్వు."

ఆమె అక్క చేతిలోంచి పుస్తకం తీసుకుని కట్టలో పెట్టింది. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగి, "పెద్దాయన కుంచెలు ఎక్కడున్నాయి?" అంది.

శనివారం పొద్దున కౌంటరు మూసేసి, "ఈరోజు ఫొటోలు తీయబడవు" అని బోర్డు పెట్టాం. నా ఫ్రేముల బల్ల ఖాళీ చేశాను. పుస్తకాలని వెనక అట్ట పైకొచ్చేలా పదేసి చొప్పున పరిచి, కదలకుండా గాజు ముక్కలు బరువు పెట్టాను. అదృష్టం ఏమిటంటే అట్టకి మెరుపు వద్దని ఆమే ముందు చెప్పింది, మెరుపు అట్ట మీద ఇంకు నిలవదు. ఫొటో కూడా నలుపు తెలుపే. సాసర్లో ఇంకు కలిపి, నీళ్ళు తగిలించి, చిత్తు కాగితం మీద చుక్క పెట్టి రంగు చూసుకుంది. నేను ఆ ఇంకు వాసన చూసి పదిహేనేళ్ళయింది. తర్వాత, జనం తల దువ్వుకునే గదిలోంచి అద్దం ఊడదీయించి తన ముందు పెట్టించుకుంది.

"అద్దమెందుకు? నీ మచ్చ నీకు తెలీదా?"

"దవడ దగ్గర ఎలా తిరుగుతుందో సరిగ్గా తెలీదు" అంది. "ఎప్పుడూ అంతసేపు చూళ్ళేదు."

అద్దంలోకి చూస్తూ మొదటి పుస్తకం మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. కంటి కింద పలచగా, కిందికొచ్చేకొద్దీ చిక్కగా. పది నిమిషాలు పట్టింది. కుంచె పక్కన పెట్టి చూసుకుంటే నేను నోరు మూసుకోలేకపోయాను.

"అమ్మా తల్లీ, కుడి చెంపకి పెట్టావు."

ఊళ్ళో టచింగ్ అంటే ఆమె పేరే చెప్తారు. అలాంటి మనిషి అద్దంలో ఎటు కనబడితే ఫొటోలోనూ అటే పెట్టేసింది. వేరేవాళ్ళ ముఖమైతే ఈ పొరపాటు కలలో కూడా చెయ్యదు. కానీ తన మచ్చని ఫొటోలో తుడిచెయ్యడమే తప్ప ఒక్కసారైనా ఆగి చూసి ఉంటే కదా. ఆమె పుస్తకం వంకా, అద్దం వంకా చూసింది. తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది, నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, అదే పుస్తకంలో ఎడమ చెంపకి కూడా చుక్కలు పెట్టి, నా చేతిలో పెట్టింది. "రెండు చెంపలూ నల్లగా ఉన్నది నీకు. ఫొటో పంపించినందుకు" అంది.

తర్వాత చెయ్యి కుదిరింది. పది నిమిషాలు అయిదయ్యాయి, అయిదు రెండయ్యాయి. నేను పుస్తకాలు మార్చడం, ఆరినవి కట్టలు కట్టడం. మధ్యాహ్నం దాటేసరికి నూట యాభై అయ్యాయి. ఏ రెండూ ఒకేలా లేవు. కొన్నిట్లో మచ్చ అసలుదానికంటే పెద్దదైంది.

"ఇది దవడ దాటిపోయింది" అన్నాను ఒకటి చూపించి.

"ఉండనీ. ఇన్నాళ్ళు అసలు లేకుండా ఉంది కదా."

ఇంకో పది పుస్తకాలయ్యాక, తలెత్తకుండానే, "కొత్త ఫొటో తియ్యమని నిన్ను ఎందుకు అడగలేదో తెలుసా?" అంది.

"టైము లేక."

"కాదు. కంప్యూటర్లో ఉన్నవి ఎలాంటివో నాకు తెలుసు. తెలిసే నిన్ను పంపించమన్నాను. మనసులో ఒక మూల, ఆ ముఖమే రావాలని ఉంది. వస్తే నువ్వు పంపించావు కాబట్టి తప్పు నీది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు."

నాకు ఒళ్ళు మండింది. "మరి నిన్నట్నుంచీ నన్ను తిట్టిన తిట్లు?"

"అవి వెనక్కి తీసుకోను. సగం నీవే."

కుంచె సాసర్లో ముంచి, ఇంకో పుస్తకం ముందుకి లాక్కుంది. "తుడవను అని రాశాను. మాస్టారు మెచ్చుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ కవిత రాసిన సాయంత్రం కూడా ఒక ఫొటో తుడిచాను అన్నయ్యా. అదే కుర్చీలో కూర్చుని. నా గురించి అంతా చెప్పేశాను అనుకున్నాను. చెప్పినవన్నీ చూసేవాళ్ళకి బాగుండేవే. ఇది మాత్రం చెప్పలేదు." చుక్క పక్కన చుక్క పడుతూనే ఉంది.

చీకటి పడకముందే మూడు వందలూ అయ్యాయి. ఆమె వేళ్ళు నల్లబడ్డాయి, పెదవి మీద కూడా ఒక చుక్క ఉంది, కుంచె మొన పెదవితో సర్దుకోవడం పాత అలవాటు.

ఆదివారం గ్రంథాలయం మేడ నిండిపోయింది. మాస్టారు పుస్తకం వెనక్కి తిప్పి చూసి, వేలితో ఒకసారి ఆ చెంప తడిమాడు. తర్వాత మైకు ముందుకెళ్ళి తన ముందుమాటే మళ్ళీ చెప్పాడు, తన ముఖాన్ని ఏనాడూ దాచుకోని కవయిత్రి అని. ఆయన కూర్చోకముందే ఆమె లేచింది.

"ఆ మాట అబద్ధం మాస్టారూ. మీ తప్పు కాదు. నేనే మిమ్మల్ని నమ్మించాను" అంది. చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న టెస్టు ప్రింటు తీసి వెనకవైపు చదివింది.

*ఊళ్ళో అందరినీ అడిగాను,*
*ఏది ఉంచమంటారు, ఏది తీయమంటారని.*
*ఒక్క ముఖాన్నే అడగలేదు.*
*ఇరవై ఆరేళ్ళు*
*పొద్దున్నే దానికి నీళ్ళు కొట్టి*
*నాతోపాటు పనికి తీసుకెళ్ళి*
*అది చూస్తుండగానే*
*దాన్ని తుడిచాను.*

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు వాళ్ళకి. వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఆయన ఏ సభలోనైనా ఒక ప్రశ్న అడగందే ఇంటికి పోడు. "అయితేనమ్మా, 'తుడవను' అన్న కవిత అబద్ధమనుకోవాలా?"

"రాసినప్పుడు అబద్ధమే. నిన్న సాయంత్రం నుంచి నిజం" అంది. "మీ చేతిలో ఉన్నది కావాలంటే తడి గుడ్డతో రుద్ది చూసుకోండి. పోతే మళ్ళీ తీసుకురండి, మళ్ళీ పెడతాను. స్టూడియో ఎక్కడుందో మీకు తెలుసు."

పెద్దమనిషి కూర్చున్నాడు. అప్పుడు కొట్టారు చప్పట్లు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఆమె నన్ను ఏమీ అడగలేదు.

మెట్లు దిగాక కింద వరండాలో గ్రూపు ఫొటో అన్నారు. కెమెరా నా దగ్గరే ఉంది కదా, సర్ది నిలబెట్టాను. మాస్టారు, ఇంకో ఇద్దరు, మధ్యలో ఆమె. వాళ్ళక్క ఎక్కణ్ణుంచో గబగబా వచ్చి, ఎవరూ చెప్పకుండానే, చెల్లెలి ఎడమ భుజం దగ్గర చేరి తల వంచింది. ఆవిడ తప్పు లేదు. చిన్నప్పటినుంచీ ఆవిడకి తెలిసిన ప్రేమ అదొక్కటే.

ఆమె అక్క భుజం పట్టుకుని మెల్లగా ముందుకి లాగి, తన కుడివైపుకి తెచ్చి నిలబెట్టుకుంది.

"నాకు ఇటువైపు అలవాటు లేదే" అంది అక్క.

"నాకూ లేదు. నిలబడు."

తర్వాత నావైపు, నా కెమెరావైపు, ముఖం పూర్తిగా తిప్పింది. గాలికి ముఖం మీద పడిన జుట్టుని ఎడమ చెవి వెనక్కి దోపుకుంది.

"ఎంతసేపు అన్నయ్యా, నొక్కు" అంది. నొక్కాను.